తెలుగు నేలపై రోమన్ బంగారు నాణేల అనుకరణలు

రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలను చూసి, రోమన్ టంకశాలలతో ఏ సంబంధమూ లేని పనివాళ్లు తమ ఊళ్లలో తయారుచేసిన నాణేలను, నాణెం ఆకారపు బిళ్లలను అనుకరణ నాణేలంటారు. ఐరోపాలో గోత్‌లు, ఫ్రాంకులు, స్కాండినేవియా తెగలవారు వీటిని విరివిగా చేశారు. దక్షిణ భారతదేశంలోనూ ఇలాంటివి దొరికాయి. కృష్ణా పరీవాహకం నుంచి ఇప్పటి ఉత్తర కర్ణాటక దాకా బయటపడ్డ నిక్షేపాల్లో అసలు రోమన్ నాణేల పక్కనే స్థానిక కంసాలుల పనితనమూ కనిపిస్తుంది. చాలాకాలం పండితులు వీటిని దొంగ నాణేలనో, నాసిరకం నకళ్లనో పక్కన పెట్టారు. నిజానికి ఇవి తెలుగు, కన్నడ నేలల మీద పుట్టిన వస్తువులు. వీటిని చేసినవాళ్లకు ఏం నచ్చిందో, కొన్నవాళ్లు ఏం ధరించాలనుకున్నారో చెప్పే ఆధారాలివి. రోమ్ చరిత్రకు ఎంత పనికొస్తాయో ఈ నేల చరిత్రకు అంతకన్నా ఎక్కువ పనికొస్తాయి.

ఉత్తర ఐరోపాలో

క్రీ.శ. 251లో ఇప్పటి బల్గేరియాలోని అబ్రిటస్ దగ్గర గోత్‌లతో జరిగిన యుద్ధంలో డేసియస్ చక్రవర్తి చనిపోయాడు. రోమన్ సైన్యం వెంట తెచ్చుకున్న బంగారు నాణేలు గోత్‌ల చేతికి చిక్కాయి. అవే నాణేలు తర్వాత ఇప్పటి ఉక్రెయిన్, పోలండ్ ప్రాంతాల్లో చక్రవర్తి తలకు పైన రంధ్రం పొడిచిన స్థితిలో దొరుకుతున్నాయి. వాటిని చూసి గోత్ పనివాళ్లు సొంత అచ్చులు చెక్కుకుని అలాంటి నాణేలు కొట్టారని పోలండ్ పరిశోధకుడు అలెక్సాండర్ బుర్షే వంటివారు నిరూపించారు.

ఐదో శతాబ్దానికి ఈ పని రెండు దారులు పట్టింది. గాల్, స్పెయిన్, ఇటలీల్లో రాజ్యాలు ఏర్పరచుకున్న జెర్మానిక్ రాజులు సొంత టంకశాలల్లో చక్రవర్తి పేరుతోనే బంగారు నాణేలు వేయించారు. ఇటలీని ఏలిన థియోడొరిక్ (493–526) కూడా అనస్టేసియస్ చక్రవర్తి పేరునే బంగారం మీద ఉంచాడు. ఫ్రాంకుల రాజు మొదటి థ్యూడెబెర్ట్ (534–548) ఈ కట్టుబాటు దాటి, బంగారు నాణెం మీద తన పేరు వేయించుకున్నాడు. పర్షియా రాజుకు సైతం లేని హక్కును ఫ్రాంకులు తీసుకున్నారని బైజాంటైన్ చరిత్రకారుడు ప్రొకోపియస్ తప్పుపట్టాడు.

రెండో దారి స్కాండినేవియాది. అక్కడ రాజముద్ర గొడవ లేదు. పల్చటి బంగారు రేకు మీద ఒకవైపే బొమ్మ దించి, పైన కొక్కెం అతికి మెడలో వేసుకునేవారు. బ్రాక్టియేట్‌లు అనే ఈ బిళ్లలు ఇప్పటివరకు వెయ్యి దాకా తెలుసు. తరం మారేకొద్దీ చక్రవర్తి ముఖం గుర్రం మీద తేలే పెద్ద తలకాయగా, ఓడిన్ దేవుడిగా మారిపోయింది. 2020లో డెన్మార్క్‌లోని విండెలెవ్‌లో దొరికిన నిక్షేపంలో ఇలాంటి బిళ్లలతో పాటు నగలుగా మలిచిన రోమన్ నాణేలూ ఉన్నాయి. వాటిలో ఒక బిళ్ల మీది రూనిక్ రాతలో ఓడిన్ పేరు ఉందని 2023లో చదివారు. ఆ పేరుకు ఇప్పటివరకు తెలిసిన అతి పాత ఆధారం అదే.

తెలుగు నేలపై జరిగింది ఈ రెండో దారికి దగ్గరగా ఉంటుంది.

బంగారం వచ్చిన దారి

ఈజిప్టు రోమ్ చేతికి వచ్చాక ఎర్ర సముద్రం మీదుగా భారత తీరానికి ఓడల రాకపోకలు పెరిగాయి. రుతుపవనాల గాలి పట్టుకుని వచ్చిన ఓడలు మిరియాలు, రత్నాలు, నూలు బట్టలు నింపుకుని వెళ్లేవి. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల చేతిపుస్తకం 'పెరిప్లస్' మసాలియా అనే తీరప్రాంతంలో సన్నని నూలు బట్ట విరివిగా తయారవుతుందని చెబుతుంది. అది మచిలీపట్నం చుట్టుపక్కల కృష్ణా తీరమని పండితుల అభిప్రాయం. రెండో శతాబ్దంలో టాలెమీ అదే తీరాన కంటకస్సీల రేవును పేర్కొన్నాడు. అదే నేటి ఘంటసాల. ఏటా ఐదు కోట్ల సెస్టర్స్‌ల సొమ్ము భారతదేశం లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు.

ఆ సొమ్ములో కొంత నాణేల రూపంలోనే వచ్చింది. మొదట్లో ఎక్కువగా వచ్చింది వెండి నాణెం. దాన్ని దినారియస్ అంటారు. అగస్టస్ (క్రీ.పూ. 27–క్రీ.శ. 14), టైబీరియస్ (14–37) కాలపు రెండు మూడు రకాలే దక్షిణాదిలో పెద్ద సంఖ్యలో దొరుకుతాయి. తర్వాత ఆరియస్ అనే బంగారు నాణెం వాటా పెరిగింది. అగస్టస్ కాలంలో ఆరియస్ సుమారు 7.8 గ్రాములు తూగేది. కాన్‌స్టాంటిన్ దాని స్థానంలో సుమారు 4.5 గ్రాముల సాలిడస్ తెచ్చాడు. నాలుగో శతాబ్దం నుంచి ఆరో శతాబ్దం దాకా దక్షిణ భారతానికి చేరిన రోమన్ బంగారం ఈ సాలిడస్‌లే.

ఆ బంగారానికున్న పరువు గురించి ఆరో శతాబ్దపు యాత్రికుడు కాస్మాస్ ఒక కథ రాశాడు. సింహళ రాజు కొలువులో ఒక పర్షియన్ వర్తకుడు తమ రాజే గొప్ప అన్నాడట. అక్కడే ఉన్న సోపాత్రుడనే రోమన్ వర్తకుడు వాదన పెంచకుండా, ఇద్దరు రాజులూ ఇక్కడే ఉన్నారు, చూసి తేల్చండి అన్నాడు. చేతికిచ్చినవి నాణేలు. పర్షియాది వెండి, రోమ్‌ది మేలిమి బంగారం. కథలో అతిశయం పాలెంతైనా, హిందూ మహాసముద్రపు రేవుల్లో రోమన్ నాణేన్ని దేనికి ప్రతినిధిగా చూసేవారో ఇది చెబుతుంది.

విశాఖ తీరంలో

నేటి విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైంది. ఈ తీరానికి సముద్ర వర్తకంతో ఉన్న బంధం దానికన్నా చాలా పాతది. భీమిలి బీచ్ రోడ్డు మీద మంగమారిపేట దగ్గరున్న తొట్లకొండ అందుకు సాక్ష్యం. నౌకాదళ స్థావరం కోసం 1976లో విమానంలోంచి సర్వే చేస్తుండగా ఈ కొండ మీది బౌద్ధ శిథిలాలు కంటబడ్డాయి. 1988 తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, విహారాలు, చైత్య గృహాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు బయటపడ్డాయి. వాటితో పాటు తొమ్మిది శాతవాహన సీసపు నాణేలు, ఐదు రోమన్ వెండి నాణేలు దొరికాయి. సమీపంలోని బావికొండ, భీమిలి దగ్గరి పావురాలకొండ కూడా సముద్రానికి ఎదురుగా ఉన్న బౌద్ధ క్షేత్రాలే.

సీసం, వెండి ఒకేచోట దొరకడం ఈ కథలో ముఖ్యమైన విషయం. శాతవాహనులు సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహం, కొద్దిగా వెండితో నాణేలు వేశారు. తూర్పు తీరంలో చెలామణి అయిన వారి సీసపు నాణేలపై రెండు తెరచాపల కొయ్యలున్న ఓడ బొమ్మ కూడా ఉంది. బంగారు నాణెం మాత్రం వారు వేయలేదు. వారి తర్వాత కృష్ణా లోయను ఏలిన ఇక్ష్వాకులూ వేయలేదు. అందుకే ఈ తీరంలో అచ్చు వేసిన బంగారం అంటే ఎవరికైనా గుర్తొచ్చేది రోమన్ చక్రవర్తి తల ఉన్న బిళ్లే. సొంత రాజు బంగారు నాణెం ఉండి ఉంటే కంసాలి దాన్నే నమూనాగా తీసుకునేవాడేమో. అది లేనిచోట పరదేశపు నాణేన్ని తీసుకున్నాడు.

లంకెబిందెల నుంచి లెక్కల్లోకి

తెలుగు నేలపై రోమన్ బంగారం గురించి తొలి రాత ఆధారాల్లో ఒకటి నెల్లూరు నుంచి వచ్చింది. 1780ల మధ్యలో నెల్లూరు దగ్గర రాళ్ల గుట్ట వారన ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రెండో శతాబ్దపు రోమన్ నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా మటుకు మూసలోకి పోయి కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా తిరిగి రాబట్టగలిగాడు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిలోంచి హేడ్రియన్ నాణెం ఒకటి, ఫౌస్టినా నాణెం ఒకటి ఎంచుకుని, తాను చూసింది ఉత్తరంగా రాశాడు. ఆ ఉత్తరం కలకత్తా 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండో సంపుటంలో అచ్చయింది.

అందులో ఒక పరిశీలన ఈ రోజుకీ విలువైనది. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయని, మరికొన్ని అరిగి, రంధ్రాలు పడి ఉన్నాయని, వాటిని చేతికో మెడకో ధరించి ఉంటారని ఆయన గమనించాడు. ఒకే కుండలో దాచిన సొమ్మూ, ఒంటి మీది నగా కలిసి ఉన్నాయన్నమాట.

1889లో ఇప్పటి పల్నాడు జిల్లా వినుకొండలో 15 ఆరియస్‌లు దొరికాయి. అవి టైబీరియస్ కాలం నుంచి కారకల్లా (198–217) కాలం దాకా ఉన్నాయి. రాబర్ట్ సెవెల్ 1904లో భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలన్నింటినీ జాబితా చేసినప్పుడు వీటినీ చేర్చాడు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒకేచోట 1531 వెండి నాణేలు దొరికాయి. నాగార్జునకొండ తవ్వకాల్లో టైబీరియస్ నాణెం, ఆంటొనైనస్ పయస్ భార్య ఫౌస్టినా బొమ్మ ఉన్న నాణెం వెలుగు చూశాయి. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం ప్రచురణగా రాష్ట్రంలోని రోమన్ నాణేల గ్రంథం తెచ్చాడు. 1989లో పౌలా టర్నర్ దేశమంతటి నిక్షేపాలను తిరిగి పరిశీలించింది.

అనుకరణల సంగతికి వస్తే రెండు నిక్షేపాలను తప్పక చెప్పుకోవాలి. ఒకటి పాత మహబూబ్‌నగర్, ఇప్పటి వనపర్తి జిల్లాలోని వీపనగండ్ల. రెండోది కర్ణాటకలో హానగల్ దగ్గరి అక్కి ఆలూరు. రెండు చోట్లా చివరి రోమన్, బైజాంటైన్ చక్రవర్తుల సాలిడస్‌లతో పాటు స్థానికంగా చేసిన అనుకరణలు కలిసి దొరికాయి. దక్షిణాది పనివాళ్లు మళ్లీ మళ్లీ నమూనాగా తీసుకున్న ముఖాల్లో సెప్టిమియస్ సెవరస్‌ది (193–211) ఒకటి. ఆయన చనిపోయి ఎంతోకాలమైనా ఆయన గడ్డం, ఉంగరాల జుట్టు ఇక్కడి బంగారం మీద కొనసాగాయి.

అచ్చులో తెలుగు చెయ్యి

అనుకరణను ఎలా గుర్తిస్తారు? ముందు చూసేది అక్షరాలు. రోమన్ నాణెం అంచు చుట్టూ చక్రవర్తి పేరు, బిరుదులు లాటిన్‌లో ఉంటాయి. లాటిన్ రాని కంసాలి వాటిని అక్షరాలుగా కాక అలంకారంగా చూశాడు. నిలువు గీత, అడ్డ గీత, సున్న, కొక్కెం వరసగా వస్తాయి తప్ప మాట ఏర్పడదు. కొన్నిచోట్ల అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. నాణెం మీద కనిపించింది కనిపించినట్టు అచ్చు మీద చెక్కితే, ఆ అచ్చుతో కొట్టిన నాణెం మీద అది తిరగబడే వస్తుంది.

తర్వాత బొమ్మ. చక్రవర్తి తల మీది ఆకుల దండ సమాన దూరంలో పెట్టిన పొడుగు చుక్కలవుతుంది. కన్ను బాదంకాయంత పెద్దదై ముఖంలో సగం ఆక్రమిస్తుంది. బొరుసు వైపు విజయదేవత రెక్కలు, చేతిలోని దండ, భుజం మీది వస్త్రం ఒకదానిలో ఒకటి కలిసిపోయి, గీతలతో కట్టిన మనిషి మిగులుతాడు. చేతకాక వచ్చిన మార్పులు కొన్ని. తెలిసిన శిల్పరీతికి సహజంగా లొంగిన మార్పులు కొన్ని.

తయారీలో మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది పోత పని. అసలు నాణేన్ని మట్టిలో అద్ది మూస చేసి, కరిగిన బంగారం పోస్తారు. అలా వచ్చిన నాణెం అసలుకన్నా కాస్త చిన్నదవుతుంది, గీతలు మొద్దుబారతాయి, ఉపరితలంపై సన్నని గాలి బుడగల గుంటలు పడతాయి. రెండోది, సొంతంగా అచ్చు చెక్కి సుత్తితో కొట్టడం. మూడోది పల్చటి రేకు మీద బొమ్మ దించడం. చెక్కిన అచ్చుతో చేసిన నాణేలు పరిశోధకులకు బాగా ఉపయోగపడతాయి. రెండు వేర్వేరు ఊళ్లలో దొరికిన నాణేలు ఒకే అచ్చు నుంచి వచ్చాయని తేలితే, అవి ఒకే పనివాడి చేతిలోంచో, ఒకే దుకాణం నుంచో వెళ్లినట్టు లెక్క. జర్మన్ నాణేశాస్త్రజ్ఞుడు పీటర్ బెర్గ్‌హౌస్ భారతీయ అనుకరణల మీద ఇలాంటి పరిశీలనకే ఏళ్లు వెచ్చించాడు.

రెండు రంధ్రాలు

దక్షిణాది నిక్షేపాల్లోని సాలిడస్‌లను చేతిలోకి తీసుకుంటే వెంటనే కంటికి తగిలేవి రంధ్రాలు. చక్రవర్తి తలకు సరిగ్గా పైన, పక్కపక్కనే రెండు చిన్న రంధ్రాలు. పొడిచిన పనివాడు బొమ్మ వైపు చూస్తూనే పొడిచాడు. ముఖం నిటారుగా నిలిచేలా, దారం కానీ తీగ కానీ రెండు రంధ్రాల గుండా పోయేలా ఏర్పాటు చేశాడు. ఒకే రంధ్రమైతే బిళ్ల గిరగిరా తిరిగి బొరుసు బయటకు వస్తుంది. రెండుంటే కదలదు. ఏదైనా బట్టకో పటకాకో కుట్టుకోవడానికీ వీలు. రెబెక్కా డార్లీ బైజాంటైన్ కాలపు దక్షిణాది నాణేలను పరిశీలించి ఈ జంట రంధ్రాల పద్ధతిని ప్రత్యేక లక్షణంగా గుర్తించింది. అసలు నాణేలకూ, అనుకరణలకూ తేడా లేకుండా ఇదే పద్ధతి పాటించారు. వాడేవాళ్ల దృష్టిలో రెండింటి హోదా దాదాపు సమానమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అయితే రోమన్ నాణేన్ని అందరూ నెత్తిన పెట్టుకోలేదు. 1898లో పుదుక్కోట ప్రాంతంలో దొరికిన 501 ఆరియస్‌లలో అత్యధిక భాగం మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు ఉంది. చెలామణిలోంచి తీసేయడానికే అలా చేశారని చాలామంది అభిప్రాయం. ఒకచోట ముఖాన్ని కొట్టేశారు, ఇంకోచోట ముఖం నిటారుగా ఉండేలా రంధ్రాలు పెట్టారు. రోమన్ బంగారం అన్ని ప్రాంతాల్లో ఒకే పాత్ర పోషించలేదు.

మట్టి బిళ్లలు

బంగారం అందనివారి కోసం మట్టి ఉంది. పాత మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో 1940–42లో జరిగిన తవ్వకాల్లో రోమన్ నాణేన్ని పోలిన కాల్చిన మట్టి బిళ్లలు దొరికాయి. మహారాష్ట్రలోని తేర్, కర్ణాటకలోని సన్నతి వంటి శాతవాహన పట్టణాల్లోనూ ఇవి ఉన్నాయి. ఎక్కువ వాటికి నమూనా టైబీరియస్ నాణెమే. రెండు మూసల మధ్య మట్టి నొక్కి, పైన దారం దూర్చడానికి రంధ్రమున్న చెవి పెట్టి కాల్చేవారు. వీటితో ఏ సరుకూ కొనలేరు, ఎవరినీ మోసగించలేరు. ధరించడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు. అందుకే బంగారు అనుకరణలను దొంగ నాణేలనే మాటకు ఈ మట్టి బిళ్లలు గట్టి జవాబు.

దానాల్లో దీనారం

రోమన్ నాణెం ఒంటి మీదికే పరిమితం కాలేదు, దినారియస్ నుంచి వచ్చిన దీనారం అనే పేరుతో లెక్కల్లోకీ వచ్చింది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో ఉజ్జయిని నుంచి వచ్చిన మహాదేవి రుద్రధర భట్టారిక నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభంతో పాటు 170 దీనారి మాషకాలు దానమిచ్చినట్టు శాసనం ఉంది. సొంత బంగారు నాణెం లేని రాజ్యంలో రాణి దానాన్ని దీనారాల లెక్కలో కొలిచారు. బంగారం రాజు టంకశాల నుంచి కాక వర్తకులు, ఇళ్లు, ఆరామాల గుండా తిరిగింది. కంసాలి అనుకరణలకు చోటిచ్చింది ఆ తిరుగుడే.

సొంత బంగారు నాణెం

ఐరోపాలో అనుకరణలు రెండు మూడు శతాబ్దాల్లోనే రాజుల సొంత నాణేలుగా మారాయి. తెలుగు నేలపై ఆ మార్పు చాలా ఆలస్యంగా, వేరే దారిలో వచ్చింది. తూర్పు చాళుక్య రాజులు మొదటి శక్తివర్మ (1000–1011), రాజరాజ నరేంద్రుడు (1019–1061) వేయించిన బంగారు నాణేలు వెడల్పుగా, రేకంత పల్చగా, ఒకవైపే ముద్రలతో ఉంటాయి. మధ్యలో వరాహ లాంఛనం, చుట్టూ తెలుగు లిపి అక్షరాలను విడివిడి ముద్రలుగా కొట్టారు. శక్తివర్మ నాణేలు బంగాళాఖాతం ఆవలి అరకాన్ తీరంలోని చెదుబా దీవిలోనూ దొరికాయి. వీటిలో రోమన్ నమూనా జాడ లేదు. కళింగంలో తూర్పు గాంగులు నందిబొమ్మతో, పాలన సంవత్సరం సంఖ్యతో చిన్న బంగారు ఫణాలు వేశారు. విశాఖ ప్రాంతంలో చెలామణి అయిన బంగారం తర్వాతి కాలంలో ఇదే. రోమన్ ముఖం అప్పటికే కనుమరుగైంది.

ముఖం పోయినా నాణేన్ని మెడలో వేసుకునే అలవాటు పోలేదు. తెలుగు ఇళ్లలో పెళ్లికూతురి కాసులపేరు అందరికీ తెలిసిన నగ. లక్ష్మీదేవి బొమ్మ దించిన బంగారు కాసులను వరసగా గుచ్చి చేస్తారు. బ్రిటిష్ కాలంలో రాణి, రాజు ముఖమున్న సవరన్లకే కొక్కేలు అతికించి వేసుకున్న కుటుంబాలూ ఉన్నాయి. ఎనిమిది గ్రాములకు దగ్గరగా తూగే ఆ సవరన్ బరువే కోస్తాలో కాసు బంగారానికి కొలతగా స్థిరపడింది. విశాఖ పాతపట్నంలోని కురుపాం మార్కెట్ బంగారు కొట్లలో ఇప్పటికీ కాసుల లెక్కన బేరం జరుగుతుంది. లక్ష్మీ కాసును ఎవరూ దొంగ నాణెం అనుకోరు, దానితో బియ్యం కొనాలనీ అనుకోరు. వీపనగండ్ల బిళ్లలను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

అధ్యయనం, పరిరక్షణ

అనుకరణలకు పెద్ద శత్రువు కరగబెట్టే మూస. అసలు రోమన్ నాణెమైతే పురాతన వస్తువుగా ధర పలుకుతుందని కొందరికైనా తెలుసు. అక్షరాలు అర్థం కాని, బొమ్మ వంకరగా ఉన్న బిళ్ల మాత్రం పాత బంగారం తూకానికే పోతుంది. 1878 నాటి భారత నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. మ్యూజియాలకు చేరిన నిక్షేపాల్లో చాలా వాటికి దారి చూపింది ఈ చట్టమే. దొరికిన చోటు, దొరికిన కుండ, పక్కనున్న ఇతర వస్తువులు నమోదు కాకపోతే నాణెం విలువ పరిశోధనలో సగానికి పైగా పడిపోతుంది.

ఇప్పుడు నాణేన్ని గీయకుండా, కోయకుండా ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పద్ధతితో అందులోని బంగారం, వెండి, రాగి పాళ్లు తెలుసుకోవచ్చు. అసలు సాలిడస్ బంగారంతో అనుకరణ బంగారాన్ని పోల్చితే, కంసాలి రోమన్ నాణేలనే కరిగించి వాడాడా, వేరే బంగారం కలిపాడా అన్నది తేల్చడానికి వీలవుతుంది. హైదరాబాదు, చెన్నై మ్యూజియాల్లోని నాణేల ఫొటోలను అచ్చుల వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే, కృష్ణా తీరపు బిళ్లకూ ఉత్తర కర్ణాటక బిళ్లకూ చుట్టరికం ఉందో లేదో బయటపడుతుంది. బుర్షే బృందం గోత్‌ల నాణేల విషయంలో చేసింది ఇలాంటి పనే. నకళ్ల పెట్టెలో పడి ఉన్న నాణేలు అచ్చు వెంట అచ్చు పోల్చాకే గోత్ టంకశాలల చరిత్రగా మారాయి. తెలుగు నేలపై దొరికిన బిళ్లలకూ ఆ స్థాయి పట్టిక, ప్రతి నాణేనికీ రెండు వైపుల ఫొటో, బరువు, రంధ్రాల స్థానం, దొరికిన ఊరితో సహా తయారు కావాలి.